కెప్టెన్‌కూ మేజర్‌కూ మధ్య రెండేళ్లు

నా నోట్లో నువ్వుగింజ నానదు. నన్ను ఎరిగిన వాళ్లంతా ఈ మాట అంటారు, నేను కాదనను. ఊళ్లో ఎవరైనా నాకు ఒక రహస్యం చెప్పారంటే అది సాయంత్రానికల్లా నలుగురికీ తెలియాలనే చెప్పేవారు. పాపం, ఈ సంగతి జనరల్‌కు తెలియదు. తెలిసుంటే నన్ను పనిలో పెట్టుకునేవాడే కాదు.

ఆయన ఫ్రెంచి సైన్యంలో జనరల్‌గా చేసి రిటైరైన మనిషి. దోహాలో ఏదో సలహాదారు కొలువు మీద ఉండేవాడు. సముద్రం ఒడ్డున ఇరవై రెండో అంతస్తులో ఫ్లాటు. తన సైనిక జీవితమంతా పుస్తకంగా రాసి మనవలకు ఇవ్వాలని పట్టుదల. మనవలు లండన్‌లో పుట్టి పెరిగారు, వాళ్లకు ఫ్రెంచి సరిగా రాదు, అందుకని ఇంగ్లీషులో రాయాలి. కానీ ఆయన వేళ్లు కీళ్లవాతంతో కొంకర్లు పోయాయి. చెబుతుంటే టైపు కొట్టేవాడు కావాలి, రోజూ పొద్దున ఏడుకు రావాలి, వాడే కారు కూడా నడపాలి.

నేను అప్పటికి పదకొండేళ్లుగా షట్టరింగ్ పనిలో ఉన్నాను. కాంక్రీటు పోసే ముందు పలకలు నిలబెట్టి బిగించే పని. జూన్ ఎండలో ఇనుప క్లాంపు పట్టుకుంటే చేతి తోలు దానికి అంటుకుపోతుంది. మా క్యాంప్ బాస్ ఒకరోజు మెస్‌లోకి వచ్చి, టైపింగు, డ్రైవింగు రెండూ వచ్చిన వాళ్లెవరైనా ఉన్నారా అని అడిగాడు. కోరుట్లలో డిగ్రీ తప్పి టైపు లోయర్ పాసైన వీరుణ్ణి నేనే. కంపెనీ పికప్ నడపడానికి లైసెన్సూ తీసుకున్నాను. ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ ఎత్తాను.

మొదటి రోజే జనరల్ షరతు పెట్టాడు. "ఈ గదిలో విన్నది ఈ గదిలోనే ఉండాలి. బయటికి పోయిందని తెలిసిన మరునాడే నువ్వు నీ కంపెనీకి వెళ్లిపోతావు." ఆ మాట అంటున్నప్పుడు నేను ఏసీ కింద, మెత్తటి కుర్చీలో కూర్చుని ఉన్నాను. తలకిందులుగా వేలాడమన్నా వేలాడేవాణ్ణి. "యెస్ సర్" అన్నాను. సరిగ్గా నాలుగు రోజులు మాట నిలబెట్టుకున్నాను.

అయిదో రోజు మంచు కొండల సంగతి వచ్చింది. చూడండి, తప్పు నాది కాదు, మంచుది. ఆయన కొత్తగా లెఫ్టినెంట్ అయి పర్వతాల్లో పనిచేసే దళంలో చేరాడట. కాళ్లకు పొడుగు చెక్కలు కట్టుకుని ముప్పై మందిని వెంటబెట్టుకుని కొండ దాటుతుంటే తుఫాను పట్టుకుంది. ముందున్న మనిషి వీపు కూడా కనబడటం లేదు. అందరినీ ఒకే తాడుకు కట్టి, తాను ముందు నడుస్తూ, పది అడుగులకోసారి వెనక్కి తాడు లాగి, జవాబుగా అవతలి చివరి నుంచి మళ్లీ లాగేదాకా ఆగి, అలా తెల్లారేదాకా నడిపించాడట. ముప్పై మందీ దిగారు. టైపు కొడుతున్న నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని మనిషి ఎట్లా బతుకుతాడండీ?

ఇండస్ట్రియల్ ఏరియాలో మా క్యాంప్ మూడంతస్తులు. డ్యూటీ నుంచి బస్సులు వచ్చాక, మెస్ తెరిచేలోపు ఒక గంట అందరం డాబా మీద ఉంటాం. ఆ సాయంత్రం అక్కడ మొదలుపెట్టాను. అయిదుగురితో మొదలైంది, తాడు లాగే దగ్గరికి వచ్చేసరికి ఇరవై మంది అయ్యారు.

"మంచు మీద చెక్కలు గట్టుకొని జారుడా? వారీ! బొక్కబోర్ల పడరా?"

"పడ్డోన్ని ఏంజేస్తరు? ఇడిసిపోతరా?"

"ఇడిసిపెట్టడే! తాడు గట్టిండని చెప్తున్న గదనే, చెవుల ఏం పెట్టుకున్నవ్?" అని కసిరాను. కథ మధ్యలో అడ్డం వస్తే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది.

మర్నాటి నుంచి బస్సు దిగేవాళ్లు చేతులైనా కడుక్కోకుండా డాబా ఎక్కేవారు. "ఇయ్యాల జన్రల్ సాబ్ ఏం జేసిండు?" ఇదే మాట. హైదరాబాద్ మెకానిక్ ఒకడు, పాతబస్తీ వాడు, బయట కార్ల వర్క్‌షాప్‌లో పని, తెలుగు ఎంత బాగా మాట్లాడతాడో దక్కనీ అంత బాగా మాట్లాడతాడు. వాడు నాకు ఎదురుగా కూర్చుని ప్రతి వాక్యానికీ "హౌ", "హౌ భాయ్" అంటూ ఊ కొట్టేవాడు. చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి! విమానంలోంచి మొదటిసారి గొడుగుతో దూకిన సంగతి చెప్పినరోజు వాడు లేచి నిలబడి ఈల వేశాడు. పక్క క్యాంప్ వాళ్లు గోడ ఎక్కి చూశారు.

సైన్యంలో హోదాలు ఎవరికీ తెలియవు. అవి మా భాషలోకి మార్చుకున్నాం. లెఫ్టినెంట్ అంటే చార్జ్‌హ్యాండ్, అంటే పది మంది కూలీల మీద పెద్ద. కెప్టెన్ అంటే ఫోర్‌మన్. మేజర్ అంటే సైట్ ఇంజినీరు. కల్నల్ అంటే ప్రాజెక్ట్ మేనేజర్. జనరల్ అంటే అర్బాబ్, అంటే సాక్షాత్తు కంపెనీ యజమాని. ఆయనకు ప్రమోషన్ వచ్చినరోజు డాబా మీద మాకే వచ్చినట్టు సంబరం చేసుకునేవాళ్లం. కెప్టెన్ అయినరోజు మెకానిక్ అందరికీ సులేమానీ చాయ్ పోయించాడు. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ, "దుబాయిల మీ జన్రల్ సంగతేంది, ఇంక చెప్పు" అనేది. ఇది దోహా, దుబాయ్ కాదు అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అంతా ఇంత బ్రహ్మాండంగా నడుస్తుంటే గాలి తీసింది మా పెద్దన్న.

పెద్దన్న అంటే మాకు బంధువు కాదు. జగిత్యాల దిక్కు మనిషి, స్కాఫోల్డర్. ఎత్తు భవనాలకు పైపులతో పరంజా కట్టడంలో ఆయన్ను మించినవాడు మా కంపెనీలో లేడు. గల్ఫ్‌లో ఆయన చూడని దేశం లేదు, ఎక్కని ఎత్తు లేదు. ఎవరైనా కొత్తవాడు క్యాంప్‌కు వస్తే ముందు ఆయన పక్కన కూర్చోబెట్టుకుని ఏ కంపెనీలో ఎన్నేళ్లు, ఎప్పుడు సెలవు, ఎప్పుడు కాంట్రాక్టు ఫినిష్, అన్నీ వేళ్ల మీద లెక్కగట్టి అడుగుతాడు. మధ్యలో ఏ ఏడాది మాయమైనా పట్టేస్తాడు. ఆఫ్రికా ఎడారి కథ అయిపోయి కెప్టెన్ సాబ్ మేజర్ అయ్యాడని నేను చెప్పిన సాయంత్రం, అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం వేళ్లు ముడుస్తూ కూర్చున్నాడు.

"తమ్మీ, రెండేండ్లు తక్కువస్తున్నయి" అన్నాడు.

"ఏం తక్కువ?"

"నువ్వు చెప్పిన లెక్క ప్రకారం ఎడారిల పని అయినంక రెండేండ్లకు మేజర్ అయిండు. ఆ రెండేండ్లు ఏడున్నడు? ఏ ఊర్లె డ్యూటీ జేసిండు?"

నాకు తెలియదు. నిజంగానే తెలియదు. టైపు కొట్టిన కాగితాల్లో అధ్యాయం అయిపోగానే కొత్త అధ్యాయం మేజర్‌తో మొదలైంది.

"సర్వీసుల రెండేండ్లు ఊకె మాయం కావు" అన్నాడు పెద్దన్న, తీర్పు చెప్పినట్టు. "గల్ఫ్‌ల రెండే కారణాలుంటయి. జైల్ల వడుడన్న, ఖల్లివెల్లి అయ్యుడన్న."

ఖల్లివెల్లి అంటే ఏమిటో గల్ఫ్‌లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. కంపెనీ నుంచి చెప్పాపెట్టకుండా పారిపోయి, కాగితాలు లేకుండా ఎక్కడో దాక్కుని పని చేసుకునేవాణ్ణి అలా అంటారు. నా జనరల్‌ను! తాడు పట్టుకుని ముప్పై మందిని దింపినవాణ్ణి! డాబా అంతా రెండుగా చీలింది. సగం మంది జైలన్నారు, సగం మంది ఖల్లివెల్లి అన్నారు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నా పక్షాన లేడు. మెకానిక్ కూడా "హో సక్తా భాయ్, ఎవరి బతుకు ఎవరికి తెలుసు" అన్నాడు. నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ధైర్యం చేసి ఆయన్నే అడిగాను. "సర్, ఇక్కడ రెండేళ్లు కనబడటం లేదు. మీ మనవలు అడుగుతారేమో." మనవల మీద పెట్టి అడగడం నా తెలివి. జనరల్ కిటికీలోంచి సముద్రం వైపు చూశాడు. "సైన్యం కాగితాల్లో సొంత కారణాల మీద సెలవు అని ఉంది" అన్నాడు. తర్వాత, "ఆ ఎడారి దేశంలో నదులు ఏడాదంతా ఎండిపోయి ఉంటాయి. పైన ఎక్కడో వాన పడితే ఉన్నట్టుండి నీళ్లు వస్తాయి. గోడలా వస్తాయి" అన్నాడు. నేను వేళ్లు మీటల మీద పెట్టి సిద్ధంగా ఉన్నాను. ఆయన "పేజీ మార్చు. మేజర్ దగ్గర నుంచి కొనసాగిద్దాం" అన్నాడు.

నది, నీళ్లు, గోడ. చాలదూ నాకు! డాబా ఎక్కేలోపు కథ తయారైపోయింది. ఎండిన నది దాటుతుండగా వరద వచ్చింది. ముందు లారీ కొట్టుకుపోతోంది. కెప్టెన్ సాబ్ నడుముకు తాడు కట్టుకుని దూకాడు. డ్రైవర్ జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు ఈడ్చాడు. ఆ దెబ్బకు కాలు విరిగింది. రెండేళ్లు ఆసుపత్రి. జనరల్ నడకలో వయసు వల్ల వచ్చిన కొంచెం కుంటు ఉంది, దాన్ని కూడా సాక్ష్యంగా వాడుకున్నాను. జైలన్నవాళ్లు చెంపలు వేసుకున్నారు. మెకానిక్ కళ్లు తుడుచుకున్నాడు. పెద్దన్న ఒక్కడే, "నది కతల నువ్వు చెప్పుడు వేరే తీర్గున్నది తమ్మీ" అని కిందికి దిగిపోయాడు. పోతే పోనీ అనుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పది రోజుల తర్వాత దుఖాన్ అనే ఊరి నుంచి తిరిగి వస్తుంటే జనరల్ కారులో ఏసీ ఆగిపోయింది. వాళ్ల ఆఫీసు వాళ్లు ఫోన్‌లో చెప్పిన వర్క్‌షాప్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఉంది. నేను గేట్లోకి కారు తిప్పాను. తిప్పాక చూస్తే ఎదురుగా మా మెకానిక్, చేతిలో పానా! వాడు పనిచేసే షాపు అదేనని నాకు ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ తెలియదు. కళ్లతో సైగ చేశాను, తల అడ్డంగా ఊపాను, వేలు మూతి మీద పెట్టుకున్నాను. వాడికి నేను కనబడితే కదా! జనరల్ దిగగానే బూటు నేలకు కొట్టి, పానా పట్టుకున్న చేత్తోనే సెల్యూట్ చేశాడు.

"సర్! సలాం సర్! రివర్ మే బ్రోకెన్ లెగ్, నౌ గుడ్? డ్రైవర్ సేవ్ కియా, వెరీ బిగ్ మ్యాన్ సర్!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. జనరల్ వాడి వైపు చూశాడు, తన కాలి వైపు చూసుకున్నాడు, తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"డ్రైవర్‌ను నేను కాపాడానని ఎవరు చెప్పారు?"

"నేనే సర్" అన్నాను. అబద్ధం చెప్పాలన్నా నాలుక లేవలేదు.

"ఎంతమందికి?"

"క్యాంప్ మొత్తానికి సర్. పక్క క్యాంప్ వాళ్లు కూడా కొందరు..."

ఏసీ బాగయ్యేదాకా ఆయన ఎండలోనే నిలబడ్డాడు. దారంతా నాకు కళ్ల ముందు షట్టరింగ్ పలకలు, క్లాంపులు, జూన్ ఎండ. అయిపోయింది నా పని, కొరివితో తల గోక్కున్నాను అనుకుని లోపల్లోపల నన్ను నేను తిట్టుకున్నాను. లిఫ్టు దగ్గర ఆగి ఆయన అన్నాడు: "శుక్రవారం నన్ను అక్కడికి తీసుకెళ్లు. నువ్వేం చెబుతున్నావో నేను చూడాలి. ఆ తర్వాత నీ సంగతి."

శుక్రవారం మధ్యాహ్నం మా క్యాంప్ గేటు ముందు కారు ఆగగానే క్యాంప్ బాస్ పరుగెత్తుకొచ్చాడు. ఎవరో పెద్ద తనిఖీ అధికారి అనుకున్నాడు కాబోలు, రెండు చేతులతో సెల్యూట్ చేసినంత పని చేశాడు. సెలవు రోజు కదా, అందరూ ఉన్నారు. డాబా మీద కాలు పెట్టడానికి చోటు లేదు. నీళ్ల ట్యాంకు మీద కూడా ఎక్కారు. క్యాంప్‌లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీ తెచ్చి, మీద తువ్వాలు పరిచి జనరల్‌ను కూర్చోబెట్టారు. ఆయన కూర్చుంటుంటే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"మొదలుపెట్టు. నది దగ్గర నుంచి" అన్నాడు జనరల్.

ఏం చేయను! మొదలుపెట్టాను. ఆయనకు తెలుగు రాదు కానీ నేను నడుముకు తాడు కట్టుకున్నట్టు, దూకినట్టు, జుట్టు పట్టి లాగినట్టు చేతులు తిప్పుతుంటే అంతా అర్థమైంది. మెకానిక్ "హౌ" అన్నాడు. జనం ఈలలు వేశారు. కథ ముగియగానే జనరల్ లేచాడు. ఎండ మొహం మీద పడుతోంది, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"ఇప్పుడు నేను చెబుతాను. నువ్వు వాళ్లకు చెప్పు" అన్నాడు.

ఒక్కో వాక్యం చెప్పి ఆగాడు. "ఆ డ్రైవర్ నాతో అన్నాడు, సర్, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది, అరగంట ఆగుదాం అని." చెప్పాను. "నేను గడియారం చూసుకున్నాను. అవతలి ఒడ్డున పై అధికారి నా కోసం చూస్తున్నాడు. పద అన్నాను." చెప్పాను. "నేను రెండో బండిలో ఉన్నాను. అతని బండి నది మధ్యలో ఉండగా నీళ్లు వచ్చాయి. నేను దూకలేదు. ఒడ్డున నిలబడి చూశాను."

ఇక్కడ నా నోరు ఆగిపోయింది. వందమంది నా మొహం వైపు చూస్తున్నారు. ఆయనకు తెలుగు రాదు. దూకాడని చెబితే ఎవరు పట్టుకుంటారు? నిజం చెబితే నా హీరో ఈ డాబా మీదే పడిపోతాడు. నేను నోరు తెరిచేలోపు ముందు వరసలోంచి పెద్దన్న అన్నాడు.

"తమ్మీ, నీ సొంతం చెప్పకు. ఆయన ఏమన్నడో గది చెప్పు."

చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు, ఇంకోసారి చెప్పాను. ఈలలు లేవు, "హౌ" లేదు. ట్యాంకు మీద ఉన్నవాళ్లు నెమ్మదిగా దిగి కూర్చున్నారు.

ఆయన ఆపలేదు. వరద హఠాత్తుగా వచ్చిందని నివేదిక రాసింది తానేనట. డ్రైవర్ ఆగమన్న మాట అందులో రాయలేదట. స్వదేశానికి వెళ్లగానే సెలవు పెట్టి, నిజం చెప్పడానికి ఆ డ్రైవర్ ఊరికి పోయాడు. తండ్రి ఇళ్లకు రాతి పలకలతో పైకప్పు వేసే మేస్త్రీ. కొడుకు సైన్యం నుంచి వచ్చాక ఇద్దరూ కలిసి పని చేద్దామనుకున్నారట. కెప్టెన్ వెళ్లేసరికి ఆ ముసలాయన ఒక్కడే పైకప్పు మీద ఉన్నాడు. దిగి వచ్చి, మా వాడి కెప్టెన్ మీరేనా అని కుర్చీ తుడిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. "నేను చెప్పలేకపోయాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు పొద్దున నిచ్చెన ఎక్కి ఆయనకు పలకలు అందించాను. అలా రెండేళ్లు." చివరికి ఆ ముసలాయనే, నీ జాగా ఇక్కడ కాదు, సైన్యంలో, పో అని పంపేశాడట. పోయి మేజర్ అయ్యాడు. ముసలాయన ఆ తర్వాత చనిపోయాడు. చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఉండిపోయింది.

నేను సన్నగా ఏడుస్తున్నానని మెకానిక్ నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలిసింది. చిత్రం ఏమిటంటే, నాకు ఆయన మీద కోపం రాలేదు.

పెద్దన్న లేచి దగ్గరికి వచ్చాడు. "పైకప్పు మీద రెండేండ్లు పని జేసిండా? బెల్ట్ ఉండెనా?"

అడిగాను. "లేదు" అన్నాడు జనరల్.

"బెల్ట్ లేకుంటనా! జన్రల్ అయ్యేటోడు?" పెద్దన్న తల ఊపాడు. "నేను ముందే చెప్పిన, ఖల్లివెల్లి అని. సరే. ఆ ఇంట్ల ఇప్పుడు ఎవలన్న ఉన్నరా?"

ఆ డ్రైవర్ చెల్లెలు ఉందట. ప్రతి ఏడూ ఆయనకు శుభాకాంక్షల కార్డు పంపుతుందట. మా అన్న వాళ్ల కెప్టెన్ గారికి అని రాసి కింద ఫోన్ నంబరు కూడా వేస్తుందట. ఆమెకు ఏమీ తెలియదు.

"ఇయ్యాల శుక్రారం" అన్నాడు పెద్దన్న. "ఇంటికి ఫోన్ జేసే దినం. జెయ్యమను."

నా కొలువు దారం మీద వేలాడుతోంది, ఈయన నాతో జనరల్‌కు ఆజ్ఞ ఇప్పిస్తున్నాడు! కానీ ఆ డాబా మీద సొంతం చెప్పకూడదని ఇప్పుడే నేర్చుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఇప్పుడా?" అన్నాడు జనరల్. జీవితంలో మొదటిసారి ఆయన గొంతులో భయం విన్నాను.

"ఇప్పుడే. రేపు అన్నోడు ఎన్నడు జెయ్యడు. మస్తుమందిని సూసిన."

జనరల్ ఫోన్ తీశాడు. వేళ్లు వంగక నంబరు నొక్కలేకపోతే, ఆయన చెబుతుంటే నేను నొక్కి ఇచ్చాను. అవతల ఆమె నవ్వుతూ పలకరించడం నాక్కూడా వినిపించింది. ఆయన నిలబడే మాట్లాడాడు. ఫ్రెంచిలో, నెమ్మదిగా, ఎక్కువసేపు కాదు. తర్వాత ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాడు. ఆమె పెట్టేసింది.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు. పెద్దన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు. జనరల్ చెయ్యి!

"మొదలు అందరు కట్ జేస్తరు సాబ్" అన్నాడు తెలుగులోనే. "నేను పైనుంచి పడి ఆర్నెల్లు దాచిపెట్టి, నిజం చెప్పిన్నాడు మా ఇంటిది నాలుగుసార్లు కట్ జేసింది. మల్ల జెయ్యాలె. యల్లా."

నేను చెప్పేలోపే ఆయనకు అర్థమైంది. మళ్లీ నొక్కించాడు. మోగి మోగి ఆగిపోయింది. "మల్ల" అన్నాడు పెద్దన్న. ఈసారి డాబా మీద వెనక నుంచి ఎవరెవరో, "మల్ల, మల్ల జెయ్యి సాబ్" అన్నారు. మూడోసారి ఆమె ఎత్తింది.

పెద్దన్న వెంటనే అందరినీ చేత్తో తోలాడు. అంతమందీ చప్పుడు చేయకుండా, చెప్పులు చేతబట్టుకుని మెట్లు దిగారు. కింద మెస్ ముందు లైన్లో నిలబడి ఒక్కడు కూడా ప్లేటు ముట్టుకోలేదు. నేను మెట్ల మీద కూర్చుని పైన వినబడే ఫ్రెంచి మాటలు వింటూ ఉన్నాను, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. బయట ఎండ పూర్తిగా పోయి వీధి దీపాలు వెలిగాక ఆయన దిగి వచ్చాడు. పెద్దన్న ఒక ప్లేట్లో బిర్యానీ పెట్టి చేతికిచ్చాడు. నిలబడే తిన్నాడు, అందరితో పాటు.

కారులో ఎప్పుడూ వెనక కూర్చునేవాడు ఆ రోజు ముందు సీట్లో కూర్చున్నాడు. సల్వా రోడ్డు ఎక్కాక తనే చెప్పాడు.

"ఆమె మొట్టమొదట అడిగింది ఒక్కటే. ఆ పొద్దున మా అన్న ఏమైనా తిన్నాడా అని."

"ఏమన్నారు సర్?"

"రొట్టె, డబ్బా చేపలు. నేను ఏమీ తినలేదని తనదాంట్లో సగం నాకు పెట్టాడు. అది చెప్పాను." రోడ్డు వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్లకు పైగా ఆ మాట అడిగినవాళ్లు లేరు."

బిల్డింగు ముందు కారు ఆపాను. ఆయన తలుపు తీసుకున్నాడు. నాకు ఇక ఆగలేదు. నోట్లో నానదని చెప్పాను కదా.

"సర్, నా సంగతి? నేను రేపటి నుంచి మా కంపెనీకి వెళ్లిపోవాలా?"

ఆయన ఒక కాలు బయట పెట్టి ఆగాడు.

"రెండేళ్లు రాయాల్సి ఉంది కదా" అన్నాడు. "ఏడుకు కాదు, ఆరుకే రా."